మాంచెస్టర్‌లో అడిగితే లివర్‌పూల్ కథన్నారు

మాంచెస్టర్‌లో డబ్బిచ్చి నడక టూరు తీసుకోకండి. తప్పదనుకుంటే ఆ గైడు ఏం చెబుతాడో ముందే కనుక్కోండి. మేం మనిషికి 16 పౌండ్ల చొప్పున ముగ్గురికి 48 పౌండ్లు పోసి సన్నటి జల్లులో తడుస్తూ నడిచాం. ఫుట్‌బాల్ గురించి విన్నాం. తేనెటీగ ఆ ఊరి గుర్తు ఎందుకైందో విన్నాం. ఏ పబ్బులో ఏ పాటగాడు తాగి పడ్డాడో కూడా విన్నాం. నూలు మిల్లుల దగ్గరికి వచ్చేసరికి ఆ అబ్బాయి చేతులు బారచాచి, "ప్రపంచానికంతా బట్ట కట్టిన ఊరిది" అన్నాడు. బాగానే ఉంది. "మరి ఆ బట్టకి దూది ఎవరు తీశారు బాబూ?" అని అడిగాను. "ఓ, అదా! అది లివర్‌పూల్ కథ" అని పక్కనున్న రేవు పట్నం మీదికి తోసేసి, నవ్వుతూ తర్వాతి సందులోకి తిరిగిపోయాడు.

నేను చీరాల దగ్గర హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. జవాబు రాని పిల్లాడు పక్కవాడి వైపు వేలు చూపించడం నాకు కొత్త కాదు. కానీ ఆ పిల్లాడికి నేను 48 పౌండ్లు కట్టలేదు కదా. అక్కణ్ణించి వెళ్ళిన ప్రతిచోటా ఇదే ప్రశ్న వేశాను. టికెట్ ఖరీదు కంటే ఆ ప్రశ్నకొచ్చిన జవాబును బట్టే ఏ చోటు మంచిదో తేల్చుకున్నాను. మా అమ్మాయి రెండుసార్లు "అమ్మా, ఇక చాలు" అంది. మావారు ఏమీ అనలేదు. ఆయనకప్పటికే మోకాళ్ళు పట్టేశాయి.

అసలీ ప్రయాణం ఆయన కోసమే. మా మామగారు గుంట మగ్గం మీద నేసేవారు. ఈయన నేత వదిలేసి నూలు కొట్టు పెట్టారు. అమ్మాయి రెడింగ్‌లో ఉద్యోగం చేస్తోంది. లండన్ అంతా తిప్పి చూపించాక "ఇంకేం చూస్తారు నాన్నా?" అని అడిగితే, "లాంకషైర్ మిల్లు ఒకటి చూపించు, చాలు" అన్నారు. మాంచెస్టర్, దాని చుట్టుపక్కల మిల్లుల ఊళ్ళూ ఉన్న ప్రాంతమే లాంకషైర్. అక్కడి మిల్లు బట్ట మగ్గాల కూడు తీసిందని, చిన్నప్పుడు వాళ్ళింట్లో మాంచెస్టర్ పేరు తిట్టులాగే వినబడేదట.

ముందు బస సంగతి చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మాంచెస్టర్‌లో ఆంకోట్స్ అనే పేట ఉంది. ఒకప్పుడు సన్న నూలు వడికే మిల్లులన్నీ అక్కడే ఉండేవి. ఇప్పుడవన్నీ ఖరీదైన ఫ్లాట్లయిపోయాయి. ఓ బుకింగ్ సైటులో "చారిత్రక నూలు మిల్లులో విడిది" అని ఎర్ర ఇటుక గోడల ఫొటోలు పెట్టారు. రాత్రికి 126 పౌండ్లు, శుభ్రం చేసినందుకు 70, డిపాజిట్టు 150. ఖరీదే అయినా, మావారు మిల్లులోనే పడుకున్నట్టు ఉంటుందని అమ్మాయి సరే అంది. తీరా వెళ్తే మిల్లు ముందు పక్కన ఉంది. మాకిచ్చిన గది దాని వెనక కట్టిన కొత్త బిల్డింగులో. ఇటుక గోడ ఉందా అంటే ఉంది, కాగితం మీద. ఇటుకల బొమ్మలున్న వాల్‌పేపరు అంటించారు. మావారు గోరుతో గీకి చూసి, "అతుకు దగ్గర ఇటుక వరస కలవలేదు" అన్నారు. డిజైను కలవని చీర చూసినప్పుడు పెట్టే మొహమే పెట్టారు.

కిటికీ నాలుగు వేళ్ళ వెడల్పు కంటే తెరుచుకోదు. లిఫ్టు రెండో రోజు పనిచెయ్యలేదు. హాల్లో టీవీ పక్కన గాజు కూజాలో పత్తికొమ్మ పెట్టారు, విచ్చిన కాయలతో సహా, ప్లాస్టిక్‌ది. అలంకారమట. పత్తి తీసిన చేతులకు కాయ రెమ్మలు గుచ్చుకుని రక్తం కారడం మా వైపు అందరికీ తెలుసు కాబట్టి, దాన్ని చూస్తూ టీ తాగడం నాకు బాగా అనిపించలేదు. తీసి అల్మారాలో పెట్టాను. ఖాళీ చేసి వచ్చేశాక మెయిల్ వచ్చింది: మసాలా వాసన పోగొట్టడానికి 85 పౌండ్లు డిపాజిట్టులోంచి మినహాయించుకున్నారట. నేను చేసింది ఒక్క పూట చారు. ఇంగువ తిరగమోత పెట్టిన మాట నిజమే. కిటికీ తెరుచుకుంటే ఆ వాసనెంతసేపు ఉంటుంది? అమ్మాయి గోడ ఫొటోలు, ప్రకటన ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపించింది. వాదించి వాదించి 50 పౌండ్లు వెనక్కి రాబట్టింది. పైసా పోయినందుకు కాదు గానీ, వాసన మాట అన్నందుకు నాకింకా మండుతూనే ఉంది.

ఆంకోట్స్ వీధులు మాత్రం ఊరికే తిరగొచ్చు, పైసా ఖర్చు లేదు. కాలవ గట్టున మర్రే అన్నదమ్ముల మిల్లుంది. 1798లో మొదలైన కట్టడం, ఆవిరితో నడిచింది. తల ఎత్తి చూస్తే అంతస్తు మీద అంతస్తు. ఈ పేట మిల్లులు నూరు నంబరు దాటిన నూలు వడికేవని చదివి వినిపిస్తే మావారు మొదటిసారి తల తిప్పారు. నూరో నంబరు నూలంటే ఎంత సన్నమో, దానికెంత పొడుగు పోగు దూది కావాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. "ఇక్కడ పత్తి పండదు కదా, అంత మంచి రకం ఎక్కడిది?" అన్నారు. అమెరికాలో జార్జియా, దక్షిణ కరోలినా తీరాల్లోని దీవుల్లో పండే సీ ఐలాండ్ పత్తి అది. నాటింది, తీసింది, గింజలు వేరుచేసింది బానిసలు. నడక టూరు అబ్బాయి నిలబడి చేతులు చాచింది సరిగ్గా ఈ మిల్లు ముందే.

సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం ఉచితం. ఏకడం, వడకడం, నేయడం యంత్రాలు నడిపి చూపిస్తారు, వేళలు అడిగి వెళ్ళండి. అక్కడ యంత్రం నడిపిన ఆవిడ నా ప్రశ్నకి నసగలేదు. "అమెరికా దక్షిణాది బానిసలు. 1860 నాటికి ఈ దేశానికొచ్చే దూదిలో నాలుగింట మూడొంతుల పైన వాళ్ళు తీసిందే" అంది. ఇంగ్లండు తన సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం చేసింది. పరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, అదీ బానిసలకు కాదు, వాళ్ళ యజమానులకు. అందుకోసం చేసిన అప్పు తీరేసరికి 2015 అయింది. ఇక్కడ చట్టం చేసి చేతులు కడుక్కున్నాక కూడా ఈ మిల్లులు మరో పాతికేళ్ళకు పైగా అమెరికా బానిసల దూదితోనే నడిచాయి. 1793లో గింజ తీసే జిన్ను వచ్చేనాటికి అమెరికాలో బానిసలు సుమారు 7 లక్షలు. 1860కి దాదాపు 40 లక్షలు. ఇక్కడ వడికే యంత్రం వేగం పెరిగే కొద్దీ అక్కడ కొరడా ఆగలేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెబితే పదో తరగతి పిల్లలకైనా అర్థమవుతుంది.

రాయల్ ఎక్స్చేంజ్ కూడా చూడండి, లోపలికి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. పత్తి, నూలు, బట్ట బేరాలు సాగిన బ్రహ్మాండమైన హాలు, ఇప్పుడు నాటకశాల. పైన గోడకి ధరల బోర్డుంది. 1968లో బేరాలు ఆగిపోయిన రోజు ధరలు దాని మీద అలాగే ఉన్నాయి. మావారు మెడ నొప్పి పుట్టేదాకా చూశారు. ఆయన కొట్లో బోర్డు మీద రేట్లు మార్చని రోజు లేదు. కాఫీ 3.60 పౌండ్లు, నీళ్ళలా ఉంది, వద్దు.

దగ్గర్లోనే బ్రేజెనోజ్ వీధిలో అబ్రహాం లింకన్ విగ్రహం ఉంది. ఇంగ్లండులో లింకన్ ఎందుకా అంటే, అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు దిగ్బంధమయ్యాక లాంకషైర్‌కి దూది రాలేదు. మిల్లులు మూతపడ్డాయి, లక్షల మందికి కూడు లేదు. 1861 నుంచి 1865 దాకా అదే కరువు. అయినా 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ పనివాళ్ళు ఫ్రీ ట్రేడ్ హాల్లో సభ పెట్టి బానిసత్వం పోవాలన్నారు, లింకన్‌కి మద్దతు తెలిపారు. 1863 జనవరి 19న ఆయన జవాబు రాశాడు. అందులో ముక్కలు విగ్రహం దిమ్మె మీద చెక్కారు. ఇది చదువుతుంటే నాకు ఆ ఊరి మీద కోపం కాస్త దిగింది. అయితే లాంకషైర్‌లో అందరూ ఇలాగే ఉన్నారనుకోవద్దు. దక్షిణాది గెలిస్తే మళ్ళీ దూది వస్తుందన్నవాళ్ళూ తక్కువేం లేరు. గార్డియన్ పత్రిక 1821లో పెట్టినాయన కూడా పత్తి వర్తకుడే. తమ వ్యవస్థాపకులకు బానిసత్వంతో ఉన్న సంబంధాలకు ఆ పత్రిక యజమాన్య ట్రస్టు 2023లో క్షమాపణ చెప్పింది. మన టూరు అబ్బాయి పేపరు చదవడనుకుంటాను.

క్వారీ బ్యాంక్ మిల్లు మాంచెస్టర్ విమానాశ్రయం పక్కన స్టయల్ గ్రామంలో ఉంది. విమానాశ్రయం దాకా రైలు, అక్కణ్ణించి టాక్సీ 10.80 పౌండ్లు. టికెట్ చవకేం కాదు, కానీ రోజంతా సరిపోతుంది. శామ్యూల్ గ్రెగ్ అనే ఆయన 1784లో బొలిన్ అనే ఏటి ఒడ్డున పెట్టిన మిల్లు. తోట, ఊరు, చర్చి, పనివాళ్ళ ఇళ్ళు అన్నీ అలాగే నిలిపారు. మా అమ్మాయికి తోట నచ్చింది, అక్కడే కూర్చుండిపోయింది. నేను అప్రెంటిస్ హౌస్‌కి వెళ్ళాను. అది తప్పనిసరిగా చూడాలి. అనాథాశ్రమాల్లాంటి వర్క్‌హౌస్‌ల నుంచి తొమ్మిదేళ్ళ వయసు పిల్లల్ని కూడా తెచ్చి, పెద్దయ్యేదాకా ఒప్పందం రాయించుకుని, ఈ ఇంట్లో పెట్టేవారు. తిండీ గుడ్డా ఇచ్చేవారు, జీతం లేదు. రోజుకి పన్నెండు గంటల పని. 1806లో ఇద్దరు కుర్రాళ్ళు, జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ, పారిపోయి లండన్ దాకా వెళ్ళారు. ప్రీస్ట్‌లీకి యంత్రంలో వేలు పోయింది. వాళ్ళమ్మని చూడాలనిపించిందట. మేజిస్ట్రేటు ముందు వాళ్ళు చెప్పిన మాటలు రికార్డుల్లో ఉన్నాయి కాబట్టే ఈ రోజు మనకి తెలుసు.

ఇంకో సంగతి. ఈ గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా దీవిలో హిల్స్‌బరో అనే చెరకు తోట ఉండేది, బానిసలతో సహా. మిల్లు దగ్గర తోట చూపిస్తున్న పెద్దాయన్ని నా మామూలు ప్రశ్నే అడిగాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "మిల్లులో పిల్లలు, డొమినికాలో బానిసలు, ఇద్దరికీ యజమాని ఒకరే. దాచేదేముంది?" అన్నాడు. అలా చెప్పే మనిషి ఒక్కడున్నా టికెట్ డబ్బులు వచ్చేసినట్టే. పక్కనున్న ఒకావిడ మాత్రం మొహం చిట్లించి, పిల్లలకి డాక్టరుండేవాడు, చదువు చెప్పేవారు కదా అంది. ఉండేవాడు, చెప్పేవారు. పారిపోయిన పిల్లలు డాక్టరు లేడని పారిపోలేదు తల్లీ అని నాలో నేను అనుకున్నాను. తెలుగులో అనుకున్నాను కాబట్టి గొడవ కాలేదు.

లివర్‌పూల్‌కి రానుపోను ముగ్గురికి 54 పౌండ్లయింది. మేం వెళ్ళేసరికి అక్కడి అంతర్జాతీయ బానిసత్వ మ్యూజియాన్ని పునర్నిర్మాణం కోసం మూసి ఉంచారు. 2007లో తెరిచిన మ్యూజియం అది. మీరు వెళ్ళేముందు తెరిచారో లేదో చూసుకోండి. అమ్మాయి, "రెడింగ్‌లోనే చెప్పాను కదా మూసేశారని" అంది. మంచిదే అయింది. ఆ ఊరే పెద్ద మ్యూజియం, వీధుల్లో తిరిగితే సరిపోతుంది. టౌన్ హాల్ గోడ పైవరసలో ఏనుగులు, మొసళ్ళు, ఆఫ్రికన్ల తలలు చెక్కి ఉన్నాయి. డబ్బెక్కడినుంచి వచ్చిందో అప్పట్లో దాచుకోలేదు, గర్వంగా గోడకెక్కించారు. ఎదురుగా మార్టిన్స్ బ్యాంక్ భవనం గుమ్మం దగ్గర డబ్బు సంచులతో ఆఫ్రికన్ పిల్లల శిల్పాలు. ఆ భవనం 1932 నాటిది. అంటే బానిసత్వం పోయిన వందేళ్ళకి కూడా అది వాళ్ళకి అలంకారంగానే తోచింది. నాకు ఫ్లాట్‌లో కూజా గుర్తొచ్చింది.

'లివర్‌పూల్ మర్చంట్' అనే ఓడ 1699లో ఇక్కణ్ణించి బయల్దేరి 220 మంది ఆఫ్రికన్లని బానిసలుగా బార్బడోస్‌కి చేర్చింది. ఆ శతాబ్దం చివరికి బ్రిటన్ బానిస ఓడల్లో నాలుగింట మూడు ఈ రేవువే. 1807లో ఆ వ్యాపారం చట్టప్రకారం ఆగింది. అవే గిడ్డంగుల్లోకి బానిసలు తీసిన పత్తి బేళ్ళు దిగడం మొదలైంది. అంతర్యుద్ధంలో ఈ ఊరి పెద్దలు చాలామంది దక్షిణాది పక్షం. రమ్‌ఫర్డ్ ప్లేస్‌లో ఆ పక్షం తరఫున డబ్బు నడిపిన కంపెనీ ఆఫీసుండేది. 'అలబామా' అనే వాళ్ళ యుద్ధనౌక ఈ ఊరి నదికి అవతలి ఒడ్డున బర్కెన్‌హెడ్‌లోనే తయారైంది. యుద్ధం ముగిసిన నెలల తర్వాత షెనెండోవా అనే దక్షిణాది నౌక 1865 నవంబరులో వచ్చి లొంగిపోయింది కూడా ఈ ఊళ్ళోనే. అయితే ఒకటి చెప్పాలి: లివర్‌పూల్ నగర కౌన్సిల్ 1999లోనే క్షమాపణ చెప్పింది. బానిస వర్తకుల పేర్లున్న వీధుల్లో ఆ సంగతి చెప్పే ఫలకాలు పెడుతున్నారు. 48 పౌండ్లు తీసుకోకుండా నా ప్రశ్నకి గోడలే జవాబు చెప్పాయి.

డాక్ ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఇదంతా చెబుతుంటే, మావారు నెమ్మదిగా, "మరి వాళ్ళు ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నది దేనితో? డబ్బుతోనా?" అని అడిగారు. ఇక్కడే నాకు గొంతులో వెలక్కాయ పడింది. డబ్బుతో కాదు. తుపాకులు, మందు, ఇనుము, అన్నిటికంటే ఎక్కువగా బట్టలతో. ఆ బట్టల్లో పెద్ద భాగం ఇండియావి. గుజరాత్‌వి, మన కోరమండల్ తీరానివి. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో స్థావరం పెట్టింది గుడ్డ కోసమే. అద్దకం బట్టలు ఇంగ్లండులో వాడకూడదని 1700లోను, 1721లోను చట్టాలు చేశారు, ఇక్కడి నేతగాళ్ళ గోల భరించలేక. కానీ లండన్‌లో దించి మళ్ళీ ఓడెక్కించి ఆఫ్రికాకి పంపడానికి అడ్డు లేదు. మాంచెస్టర్ మొదట నేర్చుకున్నది కూడా ఆఫ్రికా బేరానికి మన గళ్ళబట్టని చూసి నకలు చెయ్యడమే. మన వాళ్ళు నేసిన బట్ట ఎవరి మెడకి వెలకట్టిందో నేసినవాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే టూరు అబ్బాయి నిన్నడిగుంటే బందరు కథ అనేదానివా?" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నమంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఇక బర్న్‌లీ. ఈ ప్రయాణంలో నాణేనికి నాణెం విలువ ముట్టిన చోటిదే. మాంచెస్టర్ విక్టోరియా నుంచి రైలు, బర్న్‌లీలో దిగి హార్ల్ సైక్ వైపు బస్సు, మనిషికి 3 పౌండ్లు. క్వీన్ స్ట్రీట్ మిల్లు 1894లో మొదలైన నేత మిల్లు, 1982 దాకా నడిచింది. బట్ట నేసే షెడ్డులో మూడొందలకు పైగా లాంకషైర్ మగ్గాలు వరసకట్టి అలాగే ఉన్నాయి. ఆవిరి ఇంజన్ పేరు 'పీస్', అంటే శాంతి. ఇంజన్ నడిపే రోజులు వేరు, మేం వెళ్ళినప్పుడు తిరగలేదు. మగ్గాలు కొన్ని నడిపి చూపించారు.

గుమ్మంలో అడుగు పెట్టగానే మావారి నడక మారిపోయింది. రంపపు పళ్ళలా కట్టిన కప్పులోంచి ఉత్తరపు వెలుతురు, కింద బండరాళ్ళ నేల, చల్లటి తడి గాలి. "గాలిలో తడుంటే పడుగు తెగదు. అందుకే ఇక్కడ పెట్టారు" అన్నారు. అంతకుముందు వానని తిట్టని పూట లేదు ఆ నోటితో. మగ్గం నడిపే ఆయన డెబ్బైకి దగ్గరవాడు, కుర్రతనంలో నేత మిల్లులో పనిచేశాడట. ఒక్క మగ్గం మొదలెట్టగానే చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. నాలుగు నడిపితే నా మాట నాకే వినబడలేదు. మూడొందలు నడిస్తే ఏమిటో! అందుకే ఇక్కడి నేతగత్తెలు పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకునేవారట. దాన్ని మీ-మా అంటారు.

మావారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. మగ్గం నడిపే ఆయనకి తెలుగు రాదు. అంత రొదలో ఇద్దరికీ భాషతో పనే లేకపోయింది. మావారు నూలు చుట్టిన కండె చూపిస్తే, దాన్ని లోపల పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాడె కంట్లోంచి దారం ఎలా తీసేవారని ఈయన వేలితో అడిగారు. ఆయన నోటి దగ్గర పెట్టుకుని పీల్చి చూపించాడు. దూది దుమ్ము, పక్కవాళ్ళ ఎంగిలి, అన్నీ లోపలికే. ఇక్కడ దాన్ని నాడెకి ముద్దు పెట్టడం అనేవారట. పళ్ళు పాడై, జబ్బులంటుకుని ఎంత గొడవైనా 1950ల దాకా అది పోలేదు. మావారు తన గుండె మీద చెయ్యి వేసి, "మా నాన్న కూడా" అని తెలుగులోనే అన్నారు. ఆయనకి అర్థమైంది. తర్వాత ఒక పోగు తెంపి మావారికిచ్చి, ముడి వెయ్యమన్నట్టు చూశాడు. మా వారు రెండు వేళ్ళతో మెలితిప్పి అతికేశారు. ఆయన భుజం తట్టాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి గంటన్నర నిలబడే ఉన్నారు. నేను కుర్చీ తెస్తే కసిరారు.

మగ్గాలు ఆపాక అమ్మాయి మధ్యవర్తిగా నా ప్రశ్న అడిగింది. విసుక్కోకుండా తనే అడిగింది, ఈసారి. ఆయన చెప్పిన జవాబే అన్నిటిలోకీ నాకు నచ్చింది: "ఈ మిల్లు కట్టేనాటికి బానిసత్వం లేదు. అప్పుంది. అమెరికా దక్షిణాదిలో నల్ల కౌలుదారు పండిస్తే సగం భూస్వామికి, మిగతా సగం కొట్టువాడి బాకీకి." మావారికి ఇది అనువదించి చెప్పనవసరం లేకపోయింది. గుంటూరు పత్తి రైతులకి అరువు మందులమ్మిన కొట్లు ఆయన కొట్టు పక్కనే ఉండేవి. మా పత్తి కూడా ఈ దారినే వచ్చేది. కాకినాడ రేవు పేరుతో దాన్ని కోకనాడ రకం అనేవారు. అమెరికా పత్తి ఆగినప్పుడు ఇండియా పత్తి కోసం ఎగబడి, పోగు పొట్టి, చెత్త ఎక్కువ అని తిట్టుకుంటూనే నేశారు. యుద్ధమైపోగానే ధర పడిపోయింది. మునిగింది ఇక్కడి వాళ్ళు కాదు.

ఆయనే ఇంకోటి చెప్పాడు. నేతగత్తె ఒకరు నాలుగు మగ్గాలు చూసుకునే పద్ధతుండేది. 1931లో ఆరు, ఎనిమిది చూడాలని యజమానులంటే బర్న్‌లీ అట్టుడికిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో గాంధీగారు పక్కనే డార్వెన్ వచ్చారు. విదేశీ బట్ట బహిష్కరించిన మనిషి చుట్టూ పని పోయిన మిల్లు అమ్మాయిలు చేరి జేజేలు కొట్టిన ఫొటో మీరు చూసే ఉంటారు. అక్కడికి వెళ్ళాలని బయల్దేరబోతే బస్సు వేళలు కుదరలేదు.

భోజనం సంగతి. ఆ రోజు శనివారం, మావారు మాంసం ముట్టరు. ఈ ఊళ్ళో ఏం దొరుకుతుందా అనుకుంటే బస్టాపు దగ్గర చిన్న కొట్లో బటర్ పై అని పెట్టారు. బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న, పైన కరకరలాడే పిండి పెంకు. శుక్రవారం మాంసం తినని కేథలిక్కుల కోసం పుట్టిందట. వాళ్ళకి శుక్రవారం, మాకు వెంకన్న శనివారం. ఒకటి 2.80 పౌండ్లు. ముగ్గురం ఐదు తిన్నాం. పక్కన పచ్చటి బఠాణీ ముద్ద ఇచ్చారు, అది మాత్రం మావారు చెంచాతో అటూ ఇటూ కదిపి వదిలేశారు. మాంచెస్టర్ రషోమ్‌లో కర్రీ వీధి అని ఊరిస్తారు, అక్కడ ముగ్గురికి 61 పౌండ్లు పోసి తిన్నదాని కంటే ఇది నయం.

వెళ్ళేవాళ్ళకి నా సలహా: క్వీన్ స్ట్రీట్ మిల్లు చలికాలం తియ్యరు, మిగతా నెలల్లో కూడా కొన్ని రోజులే. ముందు ఆ రోజు ఖాయం చేసుకుని, మిగతావి దాని చుట్టూ అమర్చుకోండి. విడిది ఆంకోట్స్‌లో వద్దు, స్టేషన్ పక్కన మామూలు హోటల్ చాలు. ఇటుక గోడ కావాలంటే వీధిలోంచి చూడండి. మావారి లెక్కలో మాంచెస్టర్‌లో ఒక రోజు తగ్గించి బర్న్‌లీలో పెట్టాల్సింది. నా లెక్కలో ఆ రోజు లివర్‌పూల్‌ది. ఈ తగవు చీరాల వచ్చాక కూడా తేలలేదు. అమ్మాయి మాత్రం వచ్చేసారి స్కాట్లాండ్‌లో కొండలు చూపిస్తానంటోంది, అక్కడ మిల్లులు లేవని ఎవరో చెప్పారట.